బరంపురం ఫొటోగ్రాఫర్ బయోలో ఏం రాయాలి? ముందు ‘ప్యాషనేట్’ అన్న మాట తీసేయండి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు కెమెరా పట్టుకుని బతుకుతున్న మన తెలుగువాళ్ల పేజీలు ఒకసారి వరసపెట్టి తెరిచి చూడండి. చాలామంది ఫొటోలు బ్రహ్మాండంగా ఉంటాయి, విశాఖపట్నం వాళ్లకో హైదరాబాద్ వాళ్లకో ఏమాత్రం తీసిపోవు. కానీ పేరు కింద బయో అని రాసుకున్న నాలుగు ముక్కలు చదివితే, ఒకరివి తీసి ఇంకొకరికి అతికించినా ఎవరికీ తేడా తెలీదు. ప్యాషనేట్ ఫొటోగ్రాఫర్. క్యాప్చరింగ్ మూమెంట్స్. డ్రీమర్, ట్రావెలర్. బుకింగ్స్ కోసం మెసేజ్ చేయండి. ఊరి పేరు ఉండదు, ఏం తీస్తారో ఉండదు, ఏ భాషలో మాట్లాడొచ్చో ఉండదు. ఇంకొందరైతే స్టూడియో బరంపురం గిరి మార్కెట్ దగ్గర పెట్టుకుని బయోలో మాత్రం వైజాగ్ అనో భువనేశ్వర్ అనో రాస్తారు, చిన్న ఊరని తెలిస్తే బేరమాడతారేమోనని.

నేను దీన్ని అస్సలు ఒప్పుకోను. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో ఉండటమే మనకున్న పెద్ద బలం. రెండు భాషలు, రెండు రకాల పెళ్లిళ్లు, ఒక పక్క గోపాల్‌పూర్ సముద్రం, ఇంకో పక్క మహేంద్రగిరి, ఇవన్నీ చిన్నప్పటి నుంచి ఎరిగిన ఫొటోగ్రాఫర్ పెద్ద ఊళ్లో వెతికినా దొరకడం కష్టం. ఆ సంగతి మీ బయోలో కనబడాలి. దానికి ఏం చేయాలో చెప్తాను.

చదివేవాళ్లకు ఏం కావాలి

బయో అంటే మన గురించి మనం గొప్పగా చెప్పుకోవాలేమో అనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు. అసలు పని వేరు. చదివే మనిషికి ఉన్న అనుమానాలు తీర్చాలి, అంతే. సోంపేటలో ఒకాయన కూతురికి సంబంధం కుదిరింది, అబ్బాయి వాళ్లు ఛత్రపురం వైపు ఒడియా కుటుంబం అనుకోండి. రాత్రి భోజనాలయ్యాక మేనల్లుడు పంపిన లింకులు ఒక్కొక్కటీ తెరుస్తున్నాడు. ఆయన బుర్రలో తిరిగేవి ఇవి: వీళ్లది ఏ ఊరు, మా ఊరు వస్తారా, వస్తే రానుపోను ఖర్చులు వేరే అడుగుతారా, మా పద్ధతులు తెలుసా, అవతలివాళ్ల పద్ధతులు తెలుసా, ఆల్బమ్ ఎప్పుడు చేతికొస్తుంది, అడ్వాన్స్ తీసుకున్నాక ఫోన్ ఎత్తుతారా. వీటిలో ఒక్కదానికైనా "ప్యాషనేట్" జవాబవుతుందా?

అదే బయోని ఒక పత్రిక ఎడిటర్ చదివితే ఆమె ప్రశ్నలు వేరు. ఈ మనిషి ఏ విషయం మీద పనిచేస్తున్నారు, ఎన్నాళ్లుగా, ఇంతకుముందు ఎక్కడ అచ్చయ్యాయి, క్యాప్షన్‌లో ఊరి పేర్లు, మనుషుల పేర్లు సరిగ్గా ఇస్తారా. ఎగ్జిబిషన్ పెట్టేవాళ్లవి మళ్లీ వేరు. అందుకే ఒకే బయో అందరికీ పెట్టేద్దాం అనుకోకండి. మీ సంపాదనలో ఎక్కువ భాగం ఎవరి దగ్గర్నుంచి వస్తోందో చూసుకుని ముందు వాళ్ల కోసం రాయండి, తక్కినవి తర్వాత దాని నుంచే తీయొచ్చు. మన వైపు చాలామందికి అది పెళ్లిళ్లే కాబట్టి నేనూ అక్కడే ఎక్కువసేపు ఉంటాను.

మీకు తెలిసినదంతా ముందు కాగితం మీద పెట్టండి

ఫోన్‌లో ఆ చిన్న పెట్టె తెరిచి నేరుగా టైప్ చేయడం మొదలుపెడితే చేతికి వచ్చేవి అరిగిపోయిన మాటలే. ఒక కాగితం తీసుకుని, బయో సంగతి మర్చిపోయి, మీ పనిలో మీకు మాత్రమే తెలిసినవి రాయండి. అందంగా రాయక్కర్లేదు. ఎవరైనా కొత్త అసిస్టెంట్ వస్తే పెళ్లికి ముందు రోజు వాడికి ఏం చెప్తారో అవి రాయండి.

ఉదాహరణకు తెలుగు పెళ్లిలో సుముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. అడ్డుతెర దించగానే చుట్టూ ఉన్న వంద మంది ఒక్కసారి లేచి అక్షింతలు వేస్తారు, ఎవరో ఒక బాబాయి కెమెరాకి అడ్డంగా చెయ్యి చాస్తాడు, వీడియో లైటు సరిగ్గా అప్పుడే పెళ్లికూతురి కళ్లలో పడుతుంది. దీనికి ముందే మండపం మీద ఎక్కడ నిలబడాలో, రెండో కెమెరా ఏ వైపు ఉండాలో తెలిసినవాళ్లకే ఆ ఫొటో దొరుకుతుంది. అది మళ్లీ చేయించి తీసే ఫొటో కాదు. చేయించమని అడగకూడదు కూడా.

ఒడియా పెళ్లికి వెళ్తే లెక్క మారుతుంది. హాతగంఠి దగ్గర వధూవరుల చేతులు కలిపి దర్భతో కట్టేటప్పుడు ఫ్రేమ్ మొత్తం చేతుల మీదే ఉండాలి, అదే సమయంలో ఆడవాళ్లు హుళుహుళి (నోటితో చేసే మంగళధ్వని) వేస్తారు, ఆ ముఖాలు కూడా కావాలి. పేలాల హోమం దగ్గర పెళ్లికూతురి అన్నదమ్ములు ఎటు నుంచి వస్తారో ముందే కనుక్కోవాలి. ఇంకొకటి, ఇది బయటి నుంచి వచ్చే ఫొటోగ్రాఫర్లు తరచూ జారవిడిచేది: సంప్రదాయం పాటించే చాలా ఒడియా ఇళ్లలో పెళ్లికొడుకు తల్లి పెళ్లి మండపానికి రాదు. అంటే ఊరేగింపు బయల్దేరకముందే ఆమె ఇంట్లో, కొడుకుతో, తృప్తిగా ఫొటోలు తీసేయాలి. తెలియనివాళ్లు నేరుగా కల్యాణమండపానికి వచ్చేస్తారు, ఆల్బమ్ చేతికి వచ్చాక అమ్మ ఒక్క ఫొటోలోనూ ఉండదు, అప్పుడు ఎవరూ ఏం చేయలేరు.

ఈ ఒక్క విషయం తెలిసి ఉండటం మీ పదిహేను విశేషణాలకంటే విలువైనది. తెలుగు అమ్మాయి, ఒడియా అబ్బాయి పెళ్లిళ్లు మన జిల్లాల్లో కొత్తేం కాదు, ఆ రెండు కుటుంబాలకూ కావాల్సింది ఇరువైపుల తంతూ తెలిసిన మనిషి. కాగితం మీద ఇలాంటివి నాలుగైదు దొరికితే బయో సగం అయిపోయినట్టే.

పెళ్లిళ్లు తీయని వాళ్లకైనా ఇదే దారి. పట్టుచీరల ఫొటోలు తీసేవాళ్లయితే బరంపురం పట్టు మెరుపు ఫ్లాష్ కింద ఎలా మారిపోతుందో, కుంభం అంచు (గుడి గోపురాల్లాంటి అంచు) దగ్గర నేత కనబడాలంటే లైటు ఏ వైపు నుంచి రావాలో రాయండి. స్కూళ్లకు గ్రూప్ ఫొటోలు తీసేవాళ్లయితే నలభై మంది పిల్లలు కళ్లు మూయకుండా ఎలా తీస్తారో రాయండి, ప్రిన్సిపల్‌కి అదే కావాలి.

ఊరి పేరు దాచకండి, పూర్తిగా రాయండి

మన వైపు ఊళ్ల పేర్లతో ఒక చిక్కుంది. బరంపురాన్ని ఇంగ్లిషులో బెర్హంపూర్ అని రాసేవాళ్లున్నారు, బ్రహ్మపూర్ అని రాసేవాళ్లున్నారు, రైల్వే స్టేషన్ బోర్డు మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది. పైగా పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలో దాదాపు ఇదే పేరుతో ఇంకో ఊరుంది. జయపురం సంగతి ఇంకా కష్టం, ఇంగ్లిషులో జైపూర్ అనేసరికి దూరం నుంచి చూసేవాళ్లకు రాజస్థాన్ గుర్తుకొస్తుంది. రాయగడ అంటే మహారాష్ట్రలో రాయగఢ్, ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌గఢ్ కూడా ఉన్నాయి. వెతికేవాళ్లు వేరే రాష్ట్రంలోకి వెళ్లిపోతారు, మీ పేజీ వాళ్ల కంటబడదు.

కాబట్టి ఊరు, జిల్లా, రాష్ట్రం మూడూ రాయండి: "జయపురం, కోరాపుట్ జిల్లా, ఒడిశా". చోటు ఎక్కువ ఉన్న చోట ఇంగ్లిషు స్పెల్లింగులు రెండూ ఒక్కోసారి పడేలా చూడండి. ఆ తర్వాత మీరు ఎక్కడిదాకా వస్తారో చెప్పండి. "ఎక్కడికైనా వస్తాం" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు, నమ్మకమూ కలగదు. బరంపురం వాళ్లకు ఇచ్చాపురం రైల్లో కాసేపటి దూరం. పర్లాకిమిడి వాళ్లకైతే మహేంద్రతనయ నది దాటితే పాతపట్నమే. రాయగడ వాళ్లకు పార్వతీపురం దగ్గర. ఆ ఊళ్ల పేర్లే రాయండి. ఆ ఊరి వాళ్లు తమ ఊరి పేరు చూడగానే ఆగుతారు, "ఈ అబ్బాయి మన దగ్గరికి వస్తాడట్రా" అని లింకు ఇంకొకరికి పంపుతారు.

చిన్న ఊరని రేటు తగ్గించమంటారన్న భయం గురించి ఒక మాట. బేరమాడేవాళ్లు వైజాగ్‌లోనూ ఆడతారు. మీ ఊరు దాచి, తర్వాత ఫోన్‌లో "మేం ఉండేది గుణుపురంలో అండీ" అని చెప్పాల్సి వస్తే, అప్పుడు అవతలివాళ్లకు వచ్చే అనుమానం రేటు గురించి ఉండదు, మీ గురించే ఉంటుంది.

ఇప్పుడు రాయండి

మామూలుగా కనబడే బయో ఇలా ఉంటుంది:

"నేను ఒక ప్యాషనేట్ ఫొటోగ్రాఫర్‌ని. చిన్నప్పటి నుంచి కెమెరా అంటే ప్రాణం. మీ జీవితంలోని మధుర క్షణాలను శాశ్వతంగా బంధించడమే నా లక్ష్యం. వెడ్డింగ్, ప్రీవెడ్డింగ్, బర్త్‌డే, మోడలింగ్, ప్రొడక్ట్, వైల్డ్‌లైఫ్ అన్నియు చేయబడును. క్వాలిటీలో రాజీ లేదు."

దీన్ని ఒక్కో వాక్యం పట్టుకుని చూడండి. కెమెరా అంటే ప్రాణం కాని ఫొటోగ్రాఫర్ ఎవరుంటారు? మధుర క్షణాలు అనే మాట ప్రతి ఫ్లెక్సీ మీదా ఉంది. అన్నీ చేస్తాను అంటే దేనిలోనూ ప్రత్యేకంగా పట్టు లేదేమో అనిపిస్తుంది, పెళ్లి ఫొటోల కోసం వచ్చినావిడకి వైల్డ్‌లైఫ్‌తో పనేముంది. క్వాలిటీలో రాజీ లేదు అని రాజీపడేవాళ్లు కూడా రాస్తారు. ఇంక "చేయబడును" గురించి. పలికే భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు దశాబ్దాలపాటు పాఠాలు చెప్పింది మన పర్లాకిమిడిలోనే. ఆ గడ్డ మీద ఉంటూ మనం "చేయబడును" అని రాసుకోవడం ఏం బాగుంటుంది చెప్పండి. కస్టమర్‌తో ఫోన్‌లో ఎలా మాట్లాడతారో అలాగే రాయండి.

అదే మనిషి, కాగితం మీద రాసుకున్నవి ముందు పెట్టుకుని రాస్తే ఇలా వస్తుంది:

"బరంపురంలో ఉంటాను. గంజాం, గజపతి జిల్లాల్లోనూ ఇటు ఇచ్చాపురం నుంచి టెక్కలి దాకానూ పెళ్లిళ్లు తీస్తాను. తెలుగు పెళ్లి, ఒడియా పెళ్లి రెండింటి తంతూ తెలుసు, ఫొటో కోసం జీలకర్ర బెల్లం దగ్గరా హాతగంఠి దగ్గరా పంతులుగారిని ఆపమని అడగను. తెలుగు, ఒడియా, హిందీ మాట్లాడతాను. ప్రతి ఫొటో ఒకేసారి రెండు కార్డుల్లో రికార్డవుతుంది. ఫొటోల లింకు పెళ్లయిన నెలలోపు ఇస్తాను, ఆల్బమ్ మీరు ఫొటోలు ఎంచుకుని పంపిన ఆరు వారాలకు. పగలు ఫోన్ ఎత్తకపోతే షూట్‌లో ఉన్నట్టే, తారీఖు, ఊరు వాట్సాప్‌లో పెట్టండి, రాత్రికి జవాబిస్తాను."

ఇందులో ఒక్క గొప్ప మాట లేదు. కానీ సోంపేట పెద్దాయనకున్న అనుమానాలన్నీ దాదాపు తీరిపోయాయి. కార్డు పాడైతే ఫొటోలు పోతాయన్న భయం చాలా ఇళ్లలో ఉంది, బంధువుల్లో ఎవరికో ఒకరికి అలా జరిగే ఉంటుంది, అందుకే రెండు కార్డుల వాక్యం అక్కడ ఉంది. దాని బదులు కెమెరా మోడల్ నంబర్లు రాస్తే తోటి ఫొటోగ్రాఫర్లకు తప్ప ఎవరికీ పనికిరావు. నెల, ఆరు వారాలు అన్నవి ఉదాహరణకి రాశాను, మీరు నిజంగా ఇవ్వగలిగిన గడువే రాయండి. మాఘం, ఫాల్గుణం సీజన్‌లో పని మీద పడినప్పుడు కూడా నిలబెట్టుకోగలిగేదే రాయాలి. నెల అని రాసి మూడు నెలలకు ఇస్తే ఆ బయోనే స్క్రీన్‌షాట్ తీసి మీకు పంపుతారు.

డ్రోన్ ఉంటే డ్రోన్ ఉందని రాయడంతో ఆగకండి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని డబ్బు తీసుకుని చేసే పనికి ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. అది మీ దగ్గరుంటే "సర్టిఫికెట్ ఉన్న డ్రోన్ పైలట్" అని తప్పకుండా రాయండి, రిసార్టుల వాళ్లు, కంపెనీల వాళ్లు దాని కోసమే చూస్తారు. లేకపోతే ముందు అది తెచ్చుకోండి, బయో తర్వాత.

పొడవు ఎంత

ఇన్‌స్టాగ్రామ్ బయోలో 150 క్యారెక్టర్లే పడతాయి. తెలుగులో రాసేవాళ్లు ఇక్కడ కంగారుపడతారు, ఎందుకంటే మన కంటికి ఒకటిగా కనబడే అక్షరాన్ని కంప్యూటర్ ముక్కలుగా లెక్కపెడుతుంది. గుణింతం వేరే, ఒత్తుకి పొల్లు వేరే, కింది హల్లు వేరే. "ఫొటోగ్రాఫర్" మనకి అయిదు అక్షరాలు, దాని లెక్కలో పదకొండు. "స్త్రీ" ఒక్క అక్షరమే ఆరు. అందుకని సాగదీసే వాక్యాలు అక్కడ పెట్టకండి, ముక్కలుగా రాయండి:

"బరంపురం, ఒడిశా | తెలుగు, ఒడియా పెళ్లి ఫొటోలు | ఇచ్చాపురం, పర్లాకిమిడి, రాయగడ వస్తాను | తారీఖు, ఊరు వాట్సాప్ చేయండి"

ఇది 120 లోపే వచ్చేసింది, ఇంకో ముక్కకి చోటు మిగిలింది. ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు పెట్టే గడిలో రాసింది కూడా వెతుకులాటలో దొరుకుతుంది కాబట్టి అక్కడ స్టూడియో పేరు పక్కన "బరంపురం వెడ్డింగ్ ఫొటోగ్రాఫర్" అన్నది ఇంగ్లిషు అక్షరాల్లో పెట్టుకోండి. మనవాళ్లు తెలుగు చదువుతారు కానీ వెతికేది ఎక్కువగా ఇంగ్లిషు అక్షరాల్లోనే.

గూగుల్ మ్యాప్స్‌లో స్టూడియో పెట్టుకుంటే అక్కడ వివరణకు 750 క్యారెక్టర్లు ఇస్తారు. పైన రాసిన పెద్ద బయో కొంచెం తగ్గిస్తే సరిపోతుంది. అక్కడ వెబ్‌సైట్ లింకులు పెట్టకూడదు, ఆఫర్లు, రేట్ల ప్రచారం చేయకూడదు, వాళ్ల నిబంధన అది. కంపెనీల పనులు చేసేవాళ్లు లింక్డిన్‌లో హెడ్‌లైన్ 220 క్యారెక్టర్లకు కుదించాలి, కానీ దాని కింద తీరిగ్గా చెప్పుకోవడానికి 2,600 దాకా ఉంది. ఎంత చోటున్నా మొదటి రెండు వాక్యాల్లోనే ఊరు, పని రెండూ వచ్చేయాలి. ఫోన్‌లో తక్కినదంతా "మరిన్ని" కిందకి పోతుంది, దాన్ని నొక్కేవాళ్లు తక్కువ.

ఒడియాలో కూడా ఒక చిన్న బయో ఉంచుకోండి, ఒడియా లిపిలో. మాట్లాడటం వచ్చినా రాయడం రానివాళ్లం చాలామందిమి ఉన్నాం, ఒడియా మీడియంలో చదివిన స్నేహితులతో రాయించుకోండి. యంత్రం చేసిన అనువాదం పెట్టొద్దు, ఆ ఇంటి పెద్దవాళ్లకు మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది.

"నేను" అనాలా, పేరు పెట్టి రాయాలా

సోషల్ మీడియాలో, సొంత వెబ్‌సైట్‌లో "నేను" అనే రాయండి. మీరే రాసుకుని "ఈయన ప్రముఖ ఛాయాచిత్రకారులు" అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది, సొంత పేరు పక్కన సొంతంగా "గారు" చేర్చుకుంటే ఇంకా. అయితే ఎగ్జిబిషన్ బ్రోషర్‌కి, పత్రికకి, జడ్జిగా పిలిచిన కాలేజీ కార్యక్రమానికి పేరు పెట్టి రాసిన బయో అడుగుతారు. దాన్ని మర్యాదగా, పొడిగా రాసివ్వండి, గారు కావాలంటే వాళ్లే చేర్చుకుంటారు. ఇలా:

"ఫలానా బరంపురంలో పుట్టి పెరిగారు. రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణీ జాతరలో మొక్కు తీర్చుకోవడానికి వేషాలు కట్టేవారిని వారి ఇళ్లలో, వేషం వేసుకుంటున్నప్పుడూ తీసేశాకా ఫొటోలు తీస్తున్నారు. పెళ్లి ఫొటోగ్రఫీ వృత్తి. బరంపురంలోనే ఉంటున్నారు."

నాలుగు వాక్యాలు చాలు. రెండో వాక్యం చూడండి, "పండుగలు, సంస్కృతి మీద ఆసక్తి" అని రాసి ఉంటే ఎవరికీ గుర్తుండేది కాదు. వేషం తీసేశాక ఆ మనిషి ముఖం ఎలా ఉంటుందో చూడాలని ఎడిటర్‌కి వెంటనే అనిపిస్తుంది, ఫొటోలు పంపమంటుంది.

అమ్మాయిలకు ఒక మాట. "నేను తీస్తాను, వస్తాను" అని రాస్తే తెలుగులో మీరు ఆడవాళ్లని తెలియదు. పెళ్లికూతురిని ముస్తాబు చేసే గదిలోకి మహిళా ఫొటోగ్రాఫర్ కావాలని ప్రత్యేకంగా వెతికే ఇళ్లు మన వైపు బోలెడు. మీకు అభ్యంతరం లేకపోతే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పండి. మీ వెంట మహిళా అసిస్టెంట్ వస్తారనుకుంటే అది కూడా.

అవార్డులు, పేరు వెనక అక్షరాలు

"అవార్డ్ విన్నింగ్" అని ఊరికే రాయకండి. ఏ అవార్డు, ఎవరిచ్చారు, ఏ సంవత్సరం, ఈ మూడూ ఉంటే రాయండి, లేకపోతే ఆ మాటే వద్దు. సాలోన్‌లలో, అంటే ఫొటోల పోటీ ప్రదర్శనల్లో, పోటీపడి అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య (ఎఫ్‌ఐఏపీ) నుంచి ఏఎఫ్‌ఐఏపీ, ఈఎఫ్‌ఐఏపీ లాంటి గుర్తింపులు తెచ్చుకున్నవాళ్లు, బ్రిటన్ రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ నుంచి ఎల్‌ఆర్‌పీఎస్, ఏఆర్‌పీఎస్ తెచ్చుకున్నవాళ్లు పేరు వెనక ఆ అక్షరాలు పెట్టుకుంటారు. దానికి ఎంత కష్టపడాలో తెలిసినవాళ్లకే తెలుసు. కానీ పెళ్లివారికి అవి డాక్టరు డిగ్రీల్లా కనబడతాయి తప్ప ఏమీ అర్థం కాదు. వాళ్ల కోసం రాసే బయోలో "అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య గుర్తింపు ఉంది" అనో, ఇచ్చినవాళ్లు వేరైతే వాళ్ల పేరుతోనో ఒక్క ముక్కలో చెప్పండి, అక్షరాలు ఎగ్జిబిషన్ బయోకి ఉంచుకోండి.

అనుభవం తక్కువైతే దాచక్కర్లేదు, ఏళ్లు పెంచి రాయక్కర్లేదు. ఎవరి దగ్గరైనా సెకండ్ షూటర్‌గా (రెండో ఫొటోగ్రాఫర్‌గా) చేసి ఉంటే, వాళ్లని అడిగి, ఆ మాట రాయండి. వాళ్లు ఒప్పుకున్న పెళ్లిలో మీరు తీసిన ఫొటో మీదేనని చెప్పుకోవడానికి కూడా ముందే అనుమతి తీసుకోండి.

అడవి, తాబేళ్లు, ఆదివాసీ ఊళ్లు

రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలల్లో ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే రోజుల్లో మన వైపు ఫొటోగ్రాఫర్లందరూ అక్కడే ఉంటారు. అవి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ కింద రక్షణ ఉన్న జీవులు, రాత్రిపూట ఫ్లాష్ కొడితే బెదిరిపోతాయి. వైల్డ్‌లైఫ్ బయోలో "ఫ్లాష్ వాడను, అటవీశాఖ చెప్పిన దూరంలోనే ఉంటాను" అని ఒక వాక్యం రాస్తే, ఈ విషయం తెలిసిన ఎడిటర్‌కి మీ మీద గౌరవం కలుగుతుంది. రాశారంటే పాటించాలి, అది వేరే చెప్పక్కర్లేదు.

నియమగిరి కొండల్లో డోంగ్రియా కొంధుల ఊళ్లలో, గుణుపురం వైపు సవర ఊళ్లలో తీసేవాళ్లు "ట్రైబల్ ఫొటోగ్రఫీ" అన్న మాట వదిలేస్తే మంచిది. అక్కడున్నవాళ్లకు పేర్లున్నాయి, జాతికి పేరుంది, ఊరికి పేరుంది. వాటితో రాయండి, వాళ్లని అడిగి తీశానని రాయండి, ఫొటోలు ప్రింటు వేసి తిరిగి తీసుకెళ్లి ఇచ్చే అలవాటు మీకుంటే అది తప్పకుండా రాయండి. వాళ్ల భాష నాలుగు మాటలైనా వస్తే అంతకంటే పెద్ద అర్హత ఉండదు.

పక్కన పెట్టే ఫొటోలు

బయో పక్కన మీ ముఖం కనబడే ఫొటో ఒకటి కావాలి. కెమెరా కంటికి ఆనించుకుని ముఖం సగం దాచిన ఫొటో అందరూ పెడతారు, కానీ పెళ్లివారు మిమ్మల్ని రెండు రోజులు ఇంట్లో తిప్పుకోవాలి, మనిషి ఎలా ఉంటాడో చూసుకోవాలనుకుంటారు. పగటి వెలుతురులో, మామూలు బట్టల్లో, తోటి ఫొటోగ్రాఫర్‌తో తీయించుకోండి.

ఇక మీరు తీసిన పెళ్లి ఫొటోలు పెట్టేముందు ఒకటి గుర్తుంచుకోండి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తమ కోసం తీయించుకున్న ఫొటోలకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. నేను తీశాను కాబట్టి నావే అనుకుంటే కుదరదు. బుకింగ్ అప్పుడే కాగితం మీద "మా పనిని చూపించుకోవడానికి కొన్ని ఫొటోలు వాడుకుంటాం" అన్న షరతు రాసి సంతకం తీసుకోండి. కొన్ని ఇళ్లలో ఆడపిల్లల ఫొటోలు బయట పెట్టడం ఇష్టముండదు, ఆ కాగితం మీదే ఏవి వద్దో కూడా టిక్ పెట్టించుకుంటే తర్వాత గొడవుండదు.

పెట్టేముందు

రాసింది పైకి చదవండి, కస్టమర్‌తో ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు. ఎక్కడ నోరు తిరగకపోతే అక్కడ మార్చండి. తర్వాత ఫొటోగ్రఫీతో సంబంధం లేని ఒకరికి, ఇంట్లో అత్తయ్యకో పక్కింటి బాబాయికో, చదివి వినిపించి "నేనేం తీస్తాను, ఎక్కడికి వస్తాను, ఎలా పిలవాలి" అని అడగండి. మూడింటికీ జవాబు చెప్పగలిగితే బయో సిద్ధం. చెప్పలేకపోతే వాళ్లకి వివరించకండి, అప్పుడు మీ నోటితో ఏం చెప్పబోయారో అదే రాయండి.

నాలుగు రకాలూ, అంటే ఇన్‌స్టాగ్రామ్ చిన్నది, గూగుల్‌కి పెద్దది, ఒడియాది, పేరు పెట్టి రాసింది, ఫోన్‌లో ఒకే నోట్‌లో దాచుకోండి. బ్రోషర్ ప్రింటుకి వెళ్లబోతూ "సార్, బయో అర్జెంటుగా పంపండి" అని ఫోన్ వస్తే టెన్షన్ పడకుండా పంపేయొచ్చు. మూఢం వచ్చి ముహూర్తాలు లేని రోజుల్లో ఒకసారి తెరిచి, వచ్చే ఊళ్లు, ఫోన్ నంబరు, ఆల్బమ్ గడువు ఇప్పటికీ అవేనా అని చూసుకోండి. నంబరు మారితే నాలుగు చోట్లా మార్చాలి, పాత విజిటింగ్ కార్డుల మీద కూడా.